పరీక్షల చదువులో పిల్లలకు తోడు – 3వ పాఠం: పుస్తకం మూశాక చేసే చదువు

కిందటి పాఠంలో సిలబస్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ రోజు ఏ ముక్కో క్యాలెండర్‌లో రాసుకున్నాం. ఈసారి అందులోంచి ఒక్క ముక్క తీసుకుందాం. అది మూడు నాలుగు పేజీలు దాటకూడదు.

"చదివేశాను, అంతా వచ్చేసింది" అని పిల్లలు చెప్పేది అబద్ధం కాదు. రెండోసారి చదివేటప్పుడు ప్రతి వాక్యమూ తెలిసిందే అనిపిస్తుంది. అయితే కళ్ళముందున్నదాన్ని గుర్తుపట్టడం వేరు, లేనిదాన్ని గుర్తు తెచ్చుకోవడం వేరు. పరీక్షలో ఎక్కువగా పనికొచ్చేది రెండోది. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ముందున్నారు. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు ముందున్నారు. చదివిన వెంటనే గడగడా ఒప్పజెప్పిన పిల్ల వారం తిరిగేసరికి తెల్లమొహం వేసేది ఇందుకే. ఆ పిల్లను బద్ధకస్తురాలని తిట్టడం అన్యాయం.

పని ఇలా చేయించండి. పది నిమిషాలు మామూలుగా చదవనివ్వండి. తర్వాత పుస్తకం మూయించి మీ దగ్గర పెట్టుకోండి. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా ఏడెనిమిది నిమిషాలు రాయమనండి. పూర్తి వాక్యాలు అక్కర్లేదు. మాటలు, బాణాలు, బొమ్మలు చాలు, వరస తప్పినా పర్వాలేదు. పెన్ను ఆగిపోయాక "అయిపోయింది" అంటారు. అప్పుడే పుస్తకం ఇచ్చేయకండి, ఇంకో రెండు నిమిషాలు కూర్చోనివ్వండి. కష్టపడి వెతికి పట్టుకున్న విషయమే గట్టిగా నిలుస్తుంది.

ఇప్పుడు పుస్తకం తెరిచి, రాయనివన్నీ ఎర్ర పెన్నుతో చేర్చమనండి. కిరణజన్య సంయోగక్రియ పాఠమే తీసుకోండి. నీరు, సూర్యకాంతి, ఆక్సిజన్ రాసి పత్రహరితం మరిచిపోతే అది లోటు, ఎర్రగా చేరిస్తే సరిపోతుంది. "మొక్కలు పగలు శ్వాసించవు" అని రాస్తే అది తప్పు. మొక్కలు రాత్రీ పగలూ శ్వాసిస్తూనే ఉంటాయి. తప్పును కొట్టేసి, ఎందుకు తప్పో పక్కనే ఒక్క ముక్కలో రాయించాలి. లేకపోతే అదే మళ్ళీ వస్తుంది. చివరగా పుస్తకం మూసి, ఎర్రగా ఉన్నవి మాత్రమే ఇంకోసారి చూడకుండా రాయించండి. మొత్తం కలిపి అరగంట పని.

చాలా ఇళ్ళలో ఇది చెడేది పెద్దవాళ్ళ తొందర వల్లే. పిల్లవాడు ఆలోచిస్తుంటే "ప... పత్ర..." అని అందించేస్తారు. మొదటి అక్షరం మీరందిస్తే వెతికే పని మీరే చేసినట్టు. మనసులో పది లెక్కపెట్టుకోండి, అప్పటికీ రాకపోతే వదిలేయండి, ఎర్ర పెన్ను ఉంది కదా. పుస్తకంలో ఉన్న వరసలోనే ప్రశ్నలడగడం ఇంకో పొరపాటు. ఒక జవాబు తర్వాతి జవాబును లాక్కొస్తుంది కాబట్టి అంతా వచ్చినట్టే కనిపిస్తుంది. కలిపేసి అడగండి.

కాగితం దాదాపు ఖాళీగా ఉండిపోతే? ముక్క పెద్దదైనా అయ్యుండాలి, పాఠం అర్థమే కాకపోయినా అయ్యుండాలి. ముందు సగానికి తగ్గించి చూడండి. అప్పుడూ రాకపోతే విడమర్చి చెప్పాక మొదలుపెట్టండి. అర్థం కానిదాన్ని ఎన్నిసార్లు రాయించినా బట్టీయే అవుతుంది.

లెక్కల దగ్గర పద్ధతి కొంచెం మారుతుంది. చేసి ఉన్న లెక్కను చూసి "అర్థమైంది" అంటే నమ్మకండి. దాన్ని మూసేసి, అంకెలు మార్చి ఇవ్వండి. చుట్టుకొలత లెక్కలు పది, తర్వాత వైశాల్యం లెక్కలు పది చేయిస్తే సూత్రం ఎంచుకునే పనే ఉండదు. స్థలానికి కంచె ఎంత కావాలి, గదికి తివాచీ ఎంత కావాలి అని కలగలిపి ఇవ్వండి. ఏది చుట్టుకొలతో ఏది వైశాల్యమో తేల్చుకోలేకే పిల్లలు తడబడతారు.

ఈ వారం అభ్యాసం: ఒకే సబ్జెక్టులో మూడు ముక్కలు, రోజుకొకటి. ప్రతి కాగితం మీద తేదీ వేసి దాచండి. వచ్చే పాఠంలో ఆ కాగితాల్లోని ఎర్ర మాటలతోనే ప్రశ్న కార్డులు తయారుచేసి, వాటిని ఎన్ని రోజుల ఎడంతో తిరిగి అడగాలో చూద్దాం.