ఈ.కోలైతో వరిగడ్డిని చక్కెరగా మార్చాలంటే

వరిగడ్డిలో మూడో వంతుకు అటూఇటూగా సెల్యులోజే, అంటే గ్లూకోజ్ గొలుసులు. వాటిని తెంపితే వచ్చే చక్కెరను ఈస్ట్ ఇథనాల్‌గా మారుస్తుంది. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022లో ప్రారంభించిన ఇథనాల్ ప్లాంటుకు ముడిసరుకు ఈ గడ్డే. అయితే ల్యాబుల్లో మామూలుగా పెంచే ఈ.కోలై అనే బాక్టీరియాకు సెల్యులోజ్‌ను తెంపడం రాదు, ఆ జన్యువు మనమే ఇవ్వాలి.

కొత్తవాళ్లు బాసిలస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాలోని ఎండోగ్లూకనేజ్ (సెల్యులోజ్‌ను తెంపే ఒక ఎంజైమ్) జన్యువు తీసుకోండి. సుమారు 1500 బేస్‌ల పొడవే కాబట్టి పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకు నకళ్లు తీసే పద్ధతి) తేలిగ్గా వస్తుంది. దాన్ని పీఈటీ ప్లాస్మిడ్‌లో (జన్యువును మోసుకెళ్లే గుండ్రటి డీఎన్ఏ) అతికించి బీఎల్21(డీఈ3) రకం ఈ.కోలైలోకి ఎక్కించండి. సీక్వెన్సింగ్ (బేస్‌ల వరుస చదివించడం) చేయించకుండా మాత్రం ముందుకెళ్లొద్దు, ఒక్క బేస్ జారిపోయినా ఆ తర్వాత చేసిన పనంతా వృథా. మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీకి ముందే చెప్పి ఉంచండి.

ఆ జన్యువును పనిలోకి దించే ఐపీటీజీ అనే రసాయనం వేసి ఎంజైమ్ తయారయ్యాక అది చాలావరకు కణం లోపలే ఉండిపోవచ్చు, అందుకే సోనికేటర్‌తో (ధ్వని తరంగాల పరికరం) కణాలను పగలగొట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన ద్రవాన్ని 1 శాతం సీఎంసీ (నీళ్లలో కరిగేలా మార్చిన సెల్యులోజ్) కలిపిన అగార్ ప్లేటులో చిన్న గుంట చేసి పోయండి. కొన్ని గంటలు ఆగి 0.1 శాతం కాంగో రెడ్ అనే రంగు 15 నిమిషాలు ఉంచి, 1 మోలార్ ఉప్పునీటితో కడగండి. గ్లవ్స్ తప్పనిసరి, ఆ రంగు మంచిది కాదు. ఎర్రటి ప్లేటులో గుంట చుట్టూ లేత వలయం వస్తే ఎంజైమ్ పనిచేస్తున్నట్టే. పక్కనే ఖాళీ ప్లాస్మిడ్ ఉన్న కణాల ద్రవం కూడా పెట్టండి, అక్కడ వలయం రాకూడదు.

చాలామంది ఇక్కడే పని అయిపోయిందనుకుంటారు, నా బాధంతా దాని గురించే. సీఎంసీ నీళ్లలో కరుగుతుంది, గడ్డి కరగదు. ఎండోగ్లూకనేజ్ గొలుసును మధ్యలో తెంపుతుంది అంతే. చివర్ల నుంచి సెల్లోబయోస్ (రెండు గ్లూకోజ్‌ల జత) ముక్కలు తీయడానికి ఎక్సోగ్లూకనేజ్, ఆ ముక్కను రెండు గ్లూకోజ్‌లు చేయడానికి బీటా గ్లూకోసిడేజ్ కావాలి. ఈ మూడోది తక్కువైతే సెల్లోబయోస్ పేరుకుని మిగతా ఎంజైమ్‌లనే అడ్డుకుంటుంది.

అందుకని అసలు గడ్డి మీదే చూడండి. పొడి చేసి, 2 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో వేసి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఉడికించి, పీహెచ్ 7కు వచ్చేదాకా కడగండి. ఎంజైమ్ కలిపి ఒక రోజు ఉంచాక డీఎన్ఎస్ పద్ధతిలో (చక్కెరను బట్టి రంగు మారే పరీక్ష) ఆ రంగును 540 నానోమీటర్ల దగ్గర చదవండి. డీఎన్ఎస్‌కు సెల్లోబయోస్ కూడా చక్కెరలాగే కనిపిస్తుంది, గ్లూకోజ్ ఎంతో కచ్చితంగా తెలియాలంటే గ్లూకోజ్ ఆక్సిడేజ్ కిట్ వాడాలి. ఎంజైమ్ వేయని గడ్డి ఒక ట్యూబ్, గడ్డి లేని ఎంజైమ్ ఒక ట్యూబ్ పెట్టి, ఆ రెండు రీడింగులనూ మీ ఫలితంలోంచి తీసేయండి.