శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోపు పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఆన్‌లైన్‌లో సర్దుకోవాల్సినవి

ఆషాఢం వచ్చిందంటే పెళ్లి ఫొటోగ్రాఫర్లకు కాస్త ఊపిరి ఆడుతుంది. కెమెరాలు సర్వీసింగ్‌కి ఇస్తాం, లెన్సుల్లో ఫంగస్ ఉందేమో చూస్తాం, పెండింగ్ ఆల్బమ్‌లు పూర్తి చేస్తాం. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, గూగుల్ ఖాతాల జోలికి మాత్రం చాలామంది వెళ్లరు. ఈ రోజుల్లో బుకింగ్‌లు ఎక్కువగా వచ్చేది వాటి నుంచే అయినా సరే.

శ్రావణం మొదలైతే ఇక తీరిక ఉండదు. రాత్రి రెండింటికి తలంబ్రాలు, తెల్లారేసరికి ఇంకో ఊళ్లో పెళ్లికొడుకుని చేయడం. నిద్రమత్తులో ఫోన్ చూసినప్పుడు వచ్చిన లింకు నొక్కేయడం, అడిగిన ఓటీపీ చెప్పేయడం, వీడియో పెట్టొచ్చో లేదో ఆలోచించకుండా పెట్టేయడం జరుగుతాయి. అందుకే మండపంలో ఏ నిర్ణయమూ తీసుకోవాల్సిన పని లేకుండా ముందే తేల్చి పెట్టుకోవాలి.

ముందు ఖాతాల సంగతి

ఫొటోగ్రాఫర్లను ఎక్కువగా బోల్తా కొట్టించే మెసేజ్ ఒకటి ఉంది. "మీ పోస్టు కాపీరైట్ నిబంధనలను ఉల్లంఘించింది, 24 గంటల్లో అప్పీల్ చేయకపోతే మీ ఖాతా తొలగిస్తాం" అని ఇన్‌స్టాగ్రామ్ లోగోతో డైరెక్ట్ మెసేజ్ వస్తుంది. రీల్స్‌కి సినిమా పాటలు పెట్టే అలవాటు మనకు ఉంది కాబట్టి గుండె జారుతుంది, లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చేస్తాం. ఇన్‌స్టాగ్రామ్ ఇలాంటి నోటీసులను డైరెక్ట్ మెసేజ్‌లో పంపదు. మెయిల్ వచ్చి అనుమానంగా ఉంటే, యాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్ తెరిచి పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీలో రీసెంట్ ఈమెయిల్స్ చూడండి. నిజంగా వాళ్లు పంపిన మెయిళ్లు అక్కడ కనిపిస్తాయి. అక్కడ లేదంటే అది దొంగ మెయిల్.

పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ పెట్టని వాళ్లు ఈ వారమే పెట్టుకోండి. ఎస్ఎంఎస్ ఓటీపీ కన్నా ఆథెంటికేటర్ యాప్ మేలు. అది నెట్‌వర్క్ లేకున్నా కోడ్ ఇస్తుంది, ఫంక్షన్ హాలు సెల్లార్‌లో సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. అప్పుడు ఇచ్చే బ్యాకప్ కోడ్లను స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్లో ఉంచుకుంటే లాభం లేదు, ఫోన్ పోతే అవీ పోతాయి. కాగితం మీద ప్రింట్ తీసి స్టూడియో బీరువాలో పెట్టండి. ఖాతాకి జతచేసిన ఫోన్ నంబరు ఇప్పటికీ మీ చేతిలోనే ఉందా అన్నదీ చూడండి. రీచార్జ్ చేయక ఆగిపోయిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఆ తర్వాత మీ ఓటీపీలు వాళ్లకే.

చాలా స్టూడియోల ఫేస్‌బుక్ పేజీని ఎప్పుడో ఒక అసిస్టెంటో, తెలిసిన డిజిటల్ మార్కెటింగ్ కుర్రాడో తన ఐడీతో తెరిచి ఉంటాడు. అతను వేరే చోటికి వెళ్లిపోయినా అడ్మిన్‌గా అలాగే ఉంటాడు. ఇంటి తాళంచెవి ఎవరి దగ్గరుందో మర్చిపోయి ఊరెళ్లినట్టే ఇది. అతను మంచివాడే కావచ్చు, కానీ అతని ఖాతా హ్యాక్ అయితే పోయేది మీ పేజీ, దానికి జతచేసిన బ్యాంకు కార్డు. పాత పేర్లు తీసేయండి. మీతో పాటు ఇంట్లో నమ్మకస్తులు ఒకరిని అడ్మిన్‌గా ఉంచండి.

ఇంకోటి కాస్త మొహమాటం లేకుండా చెప్పాలి. క్రాక్ చేసిన ఫొటోషాప్, ఎక్కడో దొరికిన ఉచిత ప్లగిన్లు, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ఆల్బమ్ డిజైన్ల (పీఎస్‌డీ) జిప్ ఫైళ్లు మన ఎడిటింగ్ సిస్టమ్‌లలో మామూలైపోయాయి. బ్రౌజర్‌లో మీరు లాగిన్ అయి ఉన్న సెషన్‌నే ఎత్తుకుపోయే వైరస్‌లు ఇలాంటి ఫైళ్లలోనే వస్తాయి. అప్పుడు పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. ఎడిటింగ్ సిస్టమ్‌లో యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ లాగిన్‌లే ఉంచకండి. పోస్టింగ్ అంతా ఫోన్ నుంచో, వేరే ల్యాప్‌టాప్ నుంచో చేయండి.

బుకింగ్ పేరుతో వచ్చే మోసాలు

కొత్త నంబరు నుంచి వాట్సాప్‌లో పెళ్లి కార్డు వచ్చిందంటే మామూలు మనిషి ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఫొటోగ్రాఫర్ ఆలోచించడు, ఎందుకంటే తెలియని వాళ్ల పెళ్లి కార్డులు రావడమే మన వ్యాపారం. ఆ ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది కార్డు కాదు, మీ ఎస్ఎంఎస్‌లు చదివే యాప్. కార్డంటే ఫొటోనో, పీడీఎఫో, వీడియోనో అవ్వాలి. ఈ మాట మీ అసిస్టెంట్లకీ, స్టూడియో ఫోన్ ఎత్తే ఇంట్లో వాళ్లకీ ఇప్పుడే చెప్పండి.

ఆర్మీ ఆఫీసర్‌నని చెప్పి, బేరం ఆడకుండా, తేదీ కూడా సరిగ్గా అడగకుండా, "అడ్వాన్స్ పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అనే వాళ్ల గురించి వినే ఉంటారు. యూపీఐలో డబ్బులు మన ఖాతాలోకి రావాలంటే స్కాన్ చేయాల్సిన పనీ లేదు, పిన్ కొట్టాల్సిన పనీ లేదు. ఇది తెలిసిన వాళ్లు కూడా హడావుడిలో పిన్ కొట్టేస్తారు. అందుకే బుకింగ్ డబ్బులకు విడిగా ఒక ఖాతా పెట్టుకుని, అందులో పెద్ద మొత్తం ఉంచకండి.

ఆ ఫొటో ఎవరిది?

"నేను తీసిన ఫొటో కదా, నా పేజీలో పెట్టుకుంటే తప్పేంటి?" అని మనలో చాలామంది అనుకుంటారు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ వేరేలా చెబుతోంది. ఒకరు డబ్బులిచ్చి తమ కోసం తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారే. అంటే పెళ్లివాళ్లు. మనం తీసిన వందల పెళ్లిళ్ల ఫొటోలను రాతపూర్వక అనుమతి లేకుండా ప్రచారానికి వాడుకుంటున్నామన్నమాట. గొడవ రానంతవరకూ ఫర్వాలేదు. వస్తే చేతిలో కాగితం ఉండాలి.

కాగితమంటే పెద్ద లాయరు భాష అక్కర్లేదు. అడ్వాన్స్ రసీదు కిందే ఇలా రాయించుకోవచ్చు: "ఈ కార్యక్రమంలో తీసిన ఫొటోలు, వీడియోలను స్టూడియో తన సోషల్ మీడియా పేజీలలో, వెబ్‌సైట్‌లో ప్రచారానికి వాడుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. వద్దనుకున్న ఫొటోలను ఆల్బమ్ ఎంపిక సమయంలో తెలియజేస్తాము. తర్వాత తీసేయమని కోరితే ఏడు రోజుల్లో తొలగించాలి." కింద ఇరు కుటుంబాల తరఫున సంతకాలు. అమ్మాయి వాళ్లు బుక్ చేశారని వాళ్ల సంతకం ఒక్కటే తీసుకుంటే, రీల్ చూసి అబ్బాయి మేనత్త ఫోన్ చేసినప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు. వద్దన్న వాళ్లకు రేటు పెంచడం లాంటివి చేయకండి, అది వెంటనే ఊరంతా పాకుతుంది.

అనుమతి ఉన్నా పెట్టకూడనివి కొన్ని ఉంటాయని నా అభిప్రాయం. ఓణీల ఫంక్షన్ ఫొటోలు అందులో మొదటివి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లను పబ్లిక్ పేజీలో పెట్టడం, ఫొటోలు మార్ఫింగ్ చేయడం ఇంత తేలికైపోయిన కాలంలో, ఆ తల్లిదండ్రులు సరదాపడి అడిగినా సరే వద్దని చెప్పగలగాలి. అలంకరణ, చేతుల క్లోజప్, వెనక నుంచి తీసిన జడ చాలు. నిశ్చితార్థం ఫొటోలు పెళ్లయ్యేదాకా ఆపుకోండి. కారణం మీకు చెప్పక్కర్లేదు.

అప్పగింతల్లో ఏడుపు రీల్ వైరల్ అవుతుంది, నిజమే. దాని కింద వచ్చే కామెంట్లు చదివాక పెళ్లికూతురు తండ్రి మీకు ఇంకో బుకింగ్ ఇప్పిస్తాడా అన్నది ఆలోచించండి. మనం వద్దన్న మాటలున్న కామెంట్లను దాచేసే హిడెన్ వర్డ్స్ అనే సదుపాయం ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగు బూతులను అది తనంతట తాను పట్టుకుంటుందని నమ్ముకోవద్దు. మీరే కూర్చుని, రకరకాల స్పెల్లింగ్‌లతో ఆ జాబితాలో చేర్చాలి. సరదా పని కాదు గానీ ఒక్కసారి చేస్తే చాలు. ఇక లొకేషన్ ట్యాగ్‌తో లైవ్ స్టోరీలు పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. ఇంట్లో అందరూ మండపంలో ఉన్నారనీ, ఒంటి మీద నగలు ఇవనీ ఊరికి చాటడమే అది. కార్యక్రమం అయ్యాక పెట్టినా వ్యూస్ తగ్గవు.

లైవ్ ఇచ్చే వాళ్లకు

డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్న అన్నయ్య చూడాలని యూట్యూబ్ లైవ్ అడగని పెళ్లి ఇప్పుడు అరుదు. కొత్త చానల్‌లో మొదటిసారి లైవ్ సదుపాయం తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. కాబట్టి పెళ్లి రోజు పొద్దున చానల్ తెరిస్తే కుదరదు. ఫోన్ యాప్ నుంచి ఇవ్వాలంటే సబ్‌స్క్రైబర్ల లెక్క కూడా అడుగుతుంది. ఇప్పుడే తెరిచి, స్టూడియోలో అరగంట ట్రయల్ వేసి చూడండి.

అసలు చిక్కు పాటలతో. పెళ్లి ఊరేగింపులో, పెళ్లి వేడుకల్లో పాటలు వేసుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. దాన్ని చూసుకుని చాలామంది ధైర్యపడతారు. ఆ మినహాయింపు వేడుకకే, మీరు యూట్యూబ్‌లో చేసే ప్రసారానికి కాదు. డీజే వేసిన సినిమా పాటను యూట్యూబ్ గుర్తుపడితే మొదట హెచ్చరిస్తుంది, తర్వాత మీ దృశ్యం బదులు ఒక బొమ్మ పెట్టేస్తుంది, లేదా లైవ్ ఆపేస్తుంది. అది సరిగ్గా మూడుముళ్ల సమయంలో జరిగితే మీరేం చెప్పినా ఎవరూ వినరు. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైక్‌లు పడితే చానలే పోతుంది, పాత పెళ్లిళ్లన్నీ దానితో పాటే.

చేయగలిగింది ఏమిటంటే, హాలు మిక్సర్ నుంచి ఆడియో లైను నేరుగా తీసుకోకండి. పురోహితుడి మైక్‌కి దగ్గరగా విడిగా ఒక మైక్ పెట్టండి. డీజే మొదలవగానే ఆడియో తగ్గించే పని ఒకరికి అప్పగించండి. సంగీత్‌ను అసలు లైవ్‌లో ఇవ్వకపోవడమే మంచిది. లింకు అన్‌లిస్టెడ్‌లో పెట్టండి, అంటే వెతికితే దొరకదు, అయినా లింకు దొరికిన ఎవరైనా చూడగలరని పెళ్లివాళ్లకు ముందే చెప్పండి. 12 గంటలు దాటిన లైవ్ ఆటోమేటిగ్గా సేవ్ కాకపోవచ్చు. స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఒకే ప్రసారంగా లాగకుండా, మధ్యలో ఆపి కొత్తది మొదలుపెట్టండి.

రీల్స్ పాటల విషయంలో ఒక్క మాట. బిజినెస్ ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్ చాలా సినిమా పాటలు చూపించదు. ఎడిటింగ్‌లోనే పాట కలిపి పెడితే తర్వాత సౌండ్ మ్యూట్ కావచ్చు. సీజన్‌కి సరిపడా లైసెన్స్ ఉన్న వాద్య సంగీతం ఇప్పుడే కొని దాచుకోండి, లేదా మీకు తెలిసిన సన్నాయి కళాకారుల దగ్గర డబ్బులిచ్చి, అనుమతి రాయించుకుని రికార్డు చేసుకోండి. రెండోదే నాకు ఇష్టం.

స్టోరేజీ, లింకులు

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కీ, డ్రైవ్‌కీ, ఫొటోస్‌కీ కలిపి. సెలక్షన్ ఫొటోలతో అది నిండిపోతే మెయిళ్లు రావడం ఆగిపోతుంది. అమెరికా నుంచి ఎంక్వైరీ పంపినవాళ్లు మీరు పట్టించుకోలేదనుకుని ఇంకొకరిని చూసుకుంటారు. ఎంక్వైరీల మెయిల్ వేరు, ఫొటోలు పంపే ఖాతా వేరు చేసుకోండి.

క్లౌడ్‌లో బ్యాకప్ అనేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. ఒక పెళ్లి రా ఫైళ్లు, వీడియో కలిపి 300 జీబీ అనుకుందాం. మీ అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ అయితే, ఎక్కడా ఆగకుండా ఎక్కినా 33 గంటలు పడుతుంది. వరుస ముహూర్తాల్లో అది అయ్యే పని కాదు. రెండు హార్డ్‌డిస్కులు, అవి రెండూ వేర్వేరు ఇళ్లలో, క్లౌడ్‌లో ఎంచిన జేపెగ్‌లు మాత్రమే. కెమెరా మెమరీ కార్డులు ఫార్మాట్ చేయడం రెండు కాపీలూ తెరిచి చూసుకున్నాకే.

ఏ ఒక్క యాప్ మీదా పూర్తిగా ఆధారపడకండి. 2020 మే నెలలో పెద్ద ఫైళ్లు పంపుకునే వీట్రాన్స్‌ఫర్‌ను మన దేశంలో నిలిపేశారు, జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. సీజన్‌లో ఉన్న ప్రతి బుకింగ్ పేరు, నంబరు, తేదీ, ముహూర్తం, హాలు అడ్రస్ ఒక పుస్తకంలో రాసి ఉండాలి.

ప్రకటనలు వేసేవాళ్లు ఖర్చుకు పరిమితి, ముగింపు తేదీ తప్పకుండా పెట్టండి. పోస్టును డబ్బులిచ్చి ఎక్కువ మందికి చూపించాలంటే (బూస్ట్) ఐఫోన్ యాప్ నుంచి కాకుండా బ్రౌజర్ నుంచి చేస్తే యాపిల్ తీసుకునే అదనపు రుసుము తప్పుతుంది. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ లిస్టింగ్ వెరిఫై చేయడానికి ఇంత కట్టండి" అని వచ్చే ఫోన్లు పెట్టేయండి, గూగుల్‌లో స్టూడియో లిస్టింగ్ ఉచితం. హ్యాష్‌ట్యాగ్‌లు ఎన్ని, పోస్టు ఏ టైముకి అనే టెన్షన్ సీజన్‌లో అనవసరం.

ఇంత చేసినా ఏదైనా జరిగితే, డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ మొత్తాన్ని అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ, కాబట్టి పెళ్లి అయ్యాక చూద్దామని వాయిదా వేయకండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఇన్‌స్టాగ్రామ్ పోతే ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్ పేజీ నుంచి ప్రయత్నించండి. డబ్బులిస్తే ఖాతా తెచ్చిస్తామని కామెంట్లలో వాలేవాళ్లు రెండో దొంగలు. అదే రోజు వాట్సాప్ స్టేటస్‌లో, బుకింగ్ ఇచ్చిన కుటుంబాలకు ఫోన్‌లో "మా పేజీ పేరుతో ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి" అని చెప్పేయాలి. ఆ మెసేజ్ కూడా ఇప్పుడే టైప్ చేసి పెట్టుకోండి.