తుపాకీ కొన్నప్పుడు కాగితాల్లో తప్పు దొర్లితే ఏం చేయాలి

సైన్యంలో గుమాస్తాగా పనిచేసి వచ్చాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. బ్యాంకుల్లో గన్‌మన్ ఉద్యోగానికి వెళ్లే మాజీ సైనికులు పన్నెండు బోరు తుపాకీ కొనే ముందో, కొన్న తరువాతో కాగితాల కట్ట పట్టుకొని నా దగ్గరకు వస్తుంటారు. తుపాకీ ఎలా పట్టుకోవాలో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. చిక్కంతా కాగితాలతోనే.

లైసెన్సులో ఫలానా రకం, ఫలానా నంబరు తుపాకీ అని ఉంటుంది. మన దగ్గర ఉండాల్సింది ఆ తుపాకీయే. ఒక అంకె తేడా వస్తే, తనిఖీకి వచ్చిన అధికారి దృష్టిలో చేతిలో ఉన్నదానికి లైసెన్సు లేనట్టే. అది పొరపాటేనని నిరూపించుకునే భారం మన మీద పడుతుంది. ఈలోగా ఉద్యోగం చేజారిపోతుంది. అందుకే చిన్న తప్పని ఊరుకోవద్దంటాను.

ఇంకో నియమం. కాగితం ఎవరు రాశారో వాళ్లే దిద్దాలి. లైసెన్సులో తప్పు ఉంటే కలెక్టర్ కార్యాలయం, బిల్లులో ఉంటే డీలరు, స్టేషన్ రసీదులో ఉంటే పోలీసులు సరిచేయాలి. మన కలం వాటిలో దేని మీదా పడకూడదు. వైట్‌నర్ అసలే వద్దు. అంకె మీద అంకె దిద్దారంటే ఉన్న తప్పుకు అనుమానం కూడా తోడవుతుంది.

దుకాణానికి బయలుదేరే ముందు

లైసెన్సు చేతికి రాగానే ఇంట్లో కూర్చుని అక్షరం అక్షరం చదవండి. మూడో నంబరు ఫారంలో వచ్చే ఆ పుస్తకంలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఆయుధం రకం, ఎప్పటిలోగా కొనాలి, కొన్నాక ఎప్పటిలోగా చూపించాలి, ఏ ప్రాంతంలో చెల్లుతుంది, ఎప్పటివరకు చెల్లుతుంది అన్నవి ఉంటాయి. యుఐఎన్ అనే విశిష్ట సంఖ్య కూడా ఉండాలి. కేంద్ర హోంశాఖ ఆయుధ లైసెన్సుల జాతీయ డేటాబేసులో మీ వివరాలన్నీ ఆ సంఖ్య కిందే ఉంటాయి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. కాబట్టి గడువు తేదీని కూడా ఒకసారి లెక్క వేసుకోండి.

మన వాళ్లకు ఎక్కువగా తగిలే చిక్కు పేరు దగ్గరే. సైన్యం రికార్డుల్లో చాలామందికి ఇంటిపేరు ఉండదు, ఉంటే పేరు చివర ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు ముందుకొస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా మిగులుతుంది. అప్పలనాయుడు అన్న పేరును ఇంగ్లీషులో ఒకచోట ఒకే పదంగా, ఇంకోచోట రెండు పదాలుగా, మరోచోట ఒక అక్షరం ఎగరగొట్టి రాస్తారు. సింహాచలం సంగతి మరీ కష్టం. మనిషికో రకంగా రాస్తారు. లైసెన్సుకు ఏ-1 ఫారం నింపే రోజునే ఆధార్‌లో ఉన్న పేరును ఉన్నది ఉన్నట్టు దించండి. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్‌లో వేరుగా ఉంటే ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ ముందు అఫిడవిట్ చేయించి దరఖాస్తుతోనే జతచేయండి. లైసెన్సు అచ్చయ్యాక పేరు మార్పించడం కంటే ముందే ఈ జాగ్రత్త తీసుకోవడం ఎంతో సులువు. పింఛను ఉత్తర్వు నకలు కూడా పెడితే గుమాస్తాకు అడిగే పని ఉండదు.

చిరునామా దగ్గర ఆగి చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు వెళ్లాయి. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది. అంతకు ముందు లైసెన్సు తీసుకున్న వాళ్ల పుస్తకాల్లో పాత జిల్లా పేరే ఉంటుంది, ఆధార్‌లో కొత్తది ఉండవచ్చు. తుపాకీ మార్చుకోవడానికో, తూటాలకో దుకాణానికి వెళ్లినప్పుడు డీలరు ఈ తేడా చూసి వెనక్కి పంపవచ్చు. అలా పంపిన డీలరును తప్పుపట్టకండి, ఆయన తన పని సరిగ్గా చేసినట్టే. ముందు మీరున్న కొత్త జిల్లా కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్సులు చూసే సెక్షన్‌కు వెళ్లి చిరునామా మార్పు రాయించుకోండి. రేగిడి ఆమదాలవలస మండలం వారు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ముందున్న 'రేగిడి' ఎగిరిపోతే శ్రీకాకుళం జిల్లాలోని ఆమదాలవలస మిగులుతుంది. పోలీసు విచారణ కాగితం వేరే స్టేషన్‌కు వెళ్లి కూర్చుంటుంది.

చెల్లుబాటు ప్రాంతం గడిని ఎవరూ చదవరు. అందులో ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే హైదరాబాదులో కొన్న తుపాకీని రైల్లో పెట్టుకొని వచ్చేయడం కుదరదు. 2014 నుంచి అది వేరే రాష్ట్రం. పాతపట్నం నుంచి పర్లాకిమిడిలో ఉద్యోగానికి వెళ్లే వాళ్లదీ ఇదే పరిస్థితి. గెడ్డ దాటితే ఒడిశా. కొనక ముందే లైసెన్సు ఇచ్చిన అధికారిని రాతపూర్వకంగా అడిగి అనుమతి తీసుకోండి.

ఇక ఆయుధం రకం. ఎస్‌బీబీఎల్ అంటే ఒకే గొట్టం, వెనుక నుంచి తూటా పెట్టేది. డీబీబీఎల్ అంటే రెండు గొట్టాలది. ఎస్‌బీఎంఎల్ మూతి వైపు నుంచి మందు కూరేది. ఒక్క అక్షరం మారితే మీరు కొనగలిగే తుపాకీయే మారిపోతుంది. పాయింట్ 32 రివాల్వర్, పాయింట్ 32 పిస్టల్ చెవికి ఒకేలా వినిపించినా వాటి తూటాలు వేరు. లైసెన్సులో ఒకటి ఉండి మీకు కావలసింది ఇంకొకటి అయితే అది అచ్చుతప్పు కిందకు రాదు. అనుమతిలోనే మార్పు కోరాలి, దానికి కలెక్టర్ ఉత్తర్వు కావాలి. 'ఏం పరవాలేదు, బిల్లులో సర్దేద్దాం' అన్న దుకాణంలో కొనకండి.

దుకాణంలో

డబ్బు కట్టే ముందు తుపాకీని చేతిలోకి తీసుకోండి. ఖాళీగా ఉందని తెరిచి చూసుకున్నాకే మిగతా పని. డబుల్ బ్యారెల్ తుపాకీని మధ్యకు విరిచి, ముందు చెక్క ఊడదీస్తే, గొట్టాల అడుగున చదునుగా ఉన్న చోట నంబరు కొట్టి ఉంటుంది. గొట్టాలు వచ్చి కూర్చునే యాక్షన్ మీద కూడా చూడండి. కొత్త తుపాకీకి గ్రీజు దట్టంగా ఉంటుంది. గుడ్డతో తుడిచి, పక్క నుంచి వెలుతురు పడేలా తిప్పితే గుంటలు తేటగా కనిపిస్తాయి. ఇంగ్లీషు ఓ అక్షరం సున్నాలా, ఐ ఒకటిలా, బి ఎనిమిదిలా, ఎస్ అయిదులా భ్రమ కలిగిస్తాయి. బండి ఛాసిస్ నంబరుకు తీసినట్టే పల్చటి కాగితం వేసి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకోండి. ఆ ముద్రను పక్కన పెట్టుకొని బిల్లులో నంబరు, లైసెన్సు మీద డీలరు రాసిన నంబరు, ఆయన అమ్మకాల రిజిస్టరులో నంబరు, మూడూ చదవండి. రిజిస్టరు చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు. నంబర్లు పోల్చుకునేది ఆయన మంచికి కూడా.

టెక్కలి వైపు నుంచి వచ్చిన, సైన్యంలో నాయక్ హోదాలో పనిచేసిన ఒకాయన విషయంలో బిల్లు సరిగ్గానే ఉంది. లైసెన్సు మీద మాత్రం దుకాణంలోని కుర్రవాడు నంబరు చివరి బి అక్షరాన్ని ఎనిమిదిగా రాశాడు. బ్యాంకుకు మనుషులను పంపే సంస్థ నకలు తీసుకొని పోల్చినప్పుడు అది బయటపడింది. డీలరు 'తేలికే, దిద్దేస్తాను' అన్నాడు. వద్దని చెప్పించాను. తుపాకీ అప్పటికే ఊరు వచ్చింది, నకళ్లు స్టేషన్‌కూ కలెక్టరేట్‌కూ చేరాయి. ఒక్కచోట దిద్దితే ఆ రెండు చోట్లా తప్పు అలాగే ఉండిపోతుంది.

దుకాణంలో ఉండగానే కనబడితే పద్ధతి ఇది. చేతిరాత అయితే తప్పు పదం చదవగలిగేలా దాని మీద ఒకే గీత గీయాలి. పైన సరైనది రాసి, డీలరు సంతకం, తేదీ, ముద్ర వేయాలి. బిల్లు రెండు ప్రతుల్లోనూ, రిజిస్టరులోనూ అలాగే చేయాలి. కంప్యూటర్ బిల్లు అయితే దాన్ని రద్దు చేసి కొత్త బిల్లు నంబరుతో ఇంకొకటి ఇవ్వమనండి. రద్దు చేసిన దాని నకలు కూడా తీసుకోండి. పైగా, ఫలానా తేదీ బిల్లులో ఫలానా నంబరుకు బదులు ఫలానా నంబరు పొరపాటున పడిందని, దుకాణం లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయించుకోండి. తప్పు లైసెన్సులోనే ఉందని తేలితే తుపాకీ తీసుకోకండి. డబ్బు కట్టినా సరే, అది దుకాణంలోనే ఉండనివ్వండి. కొనడానికి ఇచ్చిన గడువు దగ్గరపడితే గడువు పెంచమని కలెక్టర్‌కు ముందే అర్జీ పెట్టండి.

ఇంటికి తెచ్చాక కనబడితే

తుపాకీ పట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరగవద్దు. ముందు కాగితాలతో స్టేషన్‌కు వెళ్లి ఎస్సై గారికి రాసి ఇవ్వండి. అది మీ దగ్గర ఉండటం మీద సందేహం ఉంటే అక్కడే జమచేసి రసీదు తీసుకోండి. పట్టుకోవడానికి చట్టబద్ధత లేని ఆయుధాన్ని దగ్గరలోని స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమచేయడానికి 1959 నాటి ఆయుధాల చట్టం 21వ సెక్షన్‌లో వీలుంది. ఆ తరువాత కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. అర్జీ పొడుగు అక్కర్లేదు. నేను రాయించేది ఇలా ఉంటుంది:

'శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ మరియు జిల్లా మేజిస్ట్రేట్ గారికి. అయ్యా, నా లైసెన్సు నంబరు, యుఐఎన్ ఇవి. ఈ తేదీన ఈ డీలరు వద్ద పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ కొన్నాను. తుపాకీ మీద ఉన్న నంబరు ఇది. లైసెన్సులో ఇలా నమోదైంది. డీలరు ఉత్తరం, బిల్లు, పెన్సిల్ ముద్ర జతచేశాను. తుపాకీ ప్రస్తుతం ఫలానా చోట ఉంది. లైసెన్సులోనూ, జాతీయ డేటాబేసులోనూ నంబరు సరిచేయించగలరని ప్రార్థన.'

చివరి వాక్యంలో డేటాబేసు మాట తప్పక ఉండాలి. పుస్తకంలో దిద్ది కంప్యూటర్లో వదిలేస్తే రెన్యువల్‌ నాడు పాత తప్పే మళ్లీ అచ్చవుతుంది. అర్జీని తపాలు విభాగంలో ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే ఆ ప్రతితోనే సోమవారం గ్రీవెన్సుకు వెళ్లండి.

అచ్చుతప్పు వేరు, దాచిన విషయం వేరు. పాత కేసు ఉన్నా ఏ-1 ఫారంలో లేదని రాస్తే దాన్ని పొరపాటు అనరు. తప్పుడు సమాచారంతోనో, విషయం దాచో తీసుకున్న లైసెన్సును అదే ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు. ఊళ్లో గొడవలో పేరు ఇరుక్కుని, రాజీ అయిపోయిందనుకున్న కేసు రికార్డులో ఇంకా మిగిలే ఉండవచ్చు. కోర్టు కాగితం తెచ్చుకొని చూశాకే ఆ గడి నింపండి. ఇప్పటికే నింపి ఉంటే, ఎవరో అడిగేదాకా ఆగకుండా వివరణ మీరే రాసి ఇవ్వండి.

ఎన్నికలప్పుడు తుపాకులు స్టేషన్‌లో జమచేయమంటారు. ఆ రద్దీలో రాసే రసీదులో నంబర్లు తప్పడం మామూలే. పెన్సిల్ ముద్ర నకలు జేబులో పెట్టుకొని వెళ్లండి. రైటర్ రసీదు చేతికివ్వగానే అక్కడే నిలబడి పోల్చండి. తుపాకీ వెనక్కి తీసుకునే రోజున కూడా, సంతకం పెట్టే ముందు గొట్టం కింద నంబరు చూసుకోండి.