వేలికొస థర్మామీటరు (ఇంట్లో బయోఫీడ్‌బ్యాక్ – 3వ పాఠం)

కిందటి పాఠంలో నిమిషానికి ఆరు శ్వాసలు నేర్చుకున్నాం. దాన్ని మానొద్దు. ఈసారి ఒక థర్మామీటరు కావాలి. జ్వరం చూసుకునేది కాదు, వైరు చివర చిన్న ప్రోబ్ ఉండే డిజిటల్‌ది. కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగండి, ఫ్రిజ్జుకో చేపల తొట్టికో వాడేదైనా ఫర్వాలేదు. 0.1 డిగ్రీ తేడా చూపిస్తే చాలు.

ప్రోబ్‌ను చూపుడువేలి మెత్తటి భాగానికి మైక్రోపోర్ టేపుతో అంటించండి. గట్టిగా చుట్టారంటే రక్తం ఆడక అంకె తప్పు చూపిస్తుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, అప్పుడు అంకె రాసుకోండి.

ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నప్పుడు చేతులు మంచులా అవుతాయి కదా. సింపథెటిక్ నరాలు (కంగారు, ఒత్తిడి వేళ ఒంటిని అప్రమత్తం చేసేవి) వేళ్లలోని సన్నని రక్తనాళాలను బిగించడం వల్ల అలా జరుగుతుంది. ఒళ్లు నెమ్మదిస్తే ఆ బిగింపు సడలి, వేలు వెచ్చబడుతుంది. ఆ మార్పు మనకు మామూలుగా తెలియదు. అంకె కనబడితే తెలుస్తుంది. బయోఫీడ్‌బ్యాక్ అంటే ఇంతే.

ఇప్పుడు అభ్యాసం. కళ్లు సగం మూసి, రెండు చేతులతో వేడి ఇరానీ చాయ్ కప్పు పట్టుకున్నట్టు ఊహించుకోండి. ‘చేతులు బరువుగా, వెచ్చగా ఉన్నాయి’ అని లోపల మెల్లగా అనుకోండి. పావుగంట చాలు.

మొదటి రోజు నాకు 29.4 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలైంది. పెరగాలి, పెరగాలి అని పళ్లు బిగించి కూర్చున్నాను. పది నిమిషాలకు 28.6! విసుగొచ్చి అంకె చూడడం మానేసి, ఎస్సార్ నగర్‌లో మా కిటికీ కింద ఇడ్లీ బండాయన ఆవిరి గిన్నె మూత తీయడం చూస్తూ ఉండిపోయాను. మళ్లీ చూస్తే 31 దాటింది. బలవంతం చేస్తే తగ్గుతుంది, వదిలేస్తే పెరుగుతుంది. ఈ పాఠంలో కష్టమైన ముక్క ఇదే, చదివితే రాదు. 35 చేరి పది నిమిషాలు నిలబడితే బాగా వచ్చినట్టు.

అమెరికాలో కాన్సస్‌లోని మెనింజర్ ఫౌండేషన్ అనే మానసిక వైద్య సంస్థలో 1960లలో పరిశోధకుడు ఎల్మర్ గ్రీన్ బృందం పరీక్షిస్తుండగా ఒకామెకు మైగ్రేన్ తగ్గింది. అదే సమయంలో ఆమె చేతుల వేడి రెండు నిమిషాల్లో 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగింది. మైగ్రేన్‌కు ఈ పద్ధతి వాడకం అక్కడి నుంచే మొదలైంది. తలనొప్పుల విషయంలో బయోఫీడ్‌బ్యాక్‌కు మంచి ఆధారాలున్నాయి. మెదడు తరంగాల శిక్షణకు అంత గట్టివి లేవు. పిల్లల ఏడీహెచ్‌డీ (శ్రద్ధ, నిలకడ కుదరని సమస్య) మీద పకడ్బందీగా చేసిన పరీక్షల్లో ఉత్తుత్తి శిక్షణకూ దానికీ పెద్ద తేడా కనబడలేదు. అందుకే అలాంటి శిక్షణకు వేలల్లో ప్యాకేజీలు కట్టే ముందు ఈ చవక పరికరంతో నెల రోజులు చేయమంటాను.

షుగర్‌కు ఇన్సులిన్, బీపీకి, థైరాయిడ్‌కు మాత్రలు వాడేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పండి. అభ్యాసం కుదిరితే డోసు మార్చాల్సి రావచ్చు. సొంతంగా మాత్రలు ఆపొద్దు.

హోంవర్క్: రోజూ ఒకే వేళకు చేసి, మొదటి అంకె, చివరి అంకె, గది వేడి రాయండి. మే నెల ఎండల్లో మాత్రం తెల్లవారుజామునే చేయండి. మధ్యాహ్నం ఎవరి వేలైనా 35 చూపిస్తుంది!