ఆన్‌లైన్ కోర్సు అమ్మకానికి పెడుతున్నారా? మొదటి ఫీజు తీసుకోకముందే ఇవి తేల్చుకోండి

వేసవి సెలవులు దగ్గరపడితే అనంతపురం, కర్నూలు, కడపల్లో ట్యూషన్ మాస్టార్లకి ఒక ఆలోచన వస్తుంది, ఈసారి పాఠాలు రికార్డు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముదామని. మాస్టార్లే కాదు, మగ్గం వర్క్ నేర్పే ఆడవాళ్ళు, ట్యాలీ చెప్పేవాళ్ళు, చీనీ (బత్తాయి) తోటల్లో తలపండిన రైతులు కూడా ఇప్పుడు ఇదే అడుగుతున్నారు. ఆలోచన బాగానే ఉంది. కానీ అందరూ మొదట అడిగేది "ఏ కెమెరా కొనాలి?" అని. కెమెరా ఎంపికలో తప్పు చేస్తే కాస్త డబ్బు పోతుంది, అంతే. ఫీజు తీసుకున్నాక తప్పు జరిగితే పేరు పోతుంది. మన ఊళ్ళలో ఆ మాట ఒక్క సాయంత్రంలో టీ కొట్టుదాకా వెళ్తుంది. అందుకే కెమెరా సంగతి తర్వాత చూద్దాం.

ముందు, అసలు మీరు అమ్మొచ్చా? బడిలో టీచరైతే జాగ్రత్త. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్ గానీ, ప్రైవేటు బోధన గానీ చేయకూడదు. ప్రభుత్వ ఉద్యోగులకి అదనంగా ప్రవర్తనా నియమాలున్నాయి. "మా ఆవిడ పేరు మీద పెడతాలే" అనేవాళ్ళు చాలామంది. వీడియోలో కనిపించేది మీ ముఖం, వినిపించేది మీ గొంతు. ఫిర్యాదు చేసేవాడికి ఇంకే సాక్ష్యం కావాలి? ప్రైవేటు కాలేజీలో పనిచేసేవాళ్ళు అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి ఒకసారి చదవండి. ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన నోట్సు మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యాజమాన్యానిదే. కోర్సుకి కొత్తగా రాసుకోండి. పబ్లిషర్ గైడులోని పేజీలు స్కాన్ చేసి పెట్టడం అంతకంటే ప్రమాదం. క్లాసులో చూపించడం వేరు, డబ్బుకి అమ్మడం వేరు.

రెండోది, కొనేవాళ్ళు ఉన్నారో లేదో తెలుసుకోకుండా నలభై వీడియోలు తీయకండి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లోగో, యాప్ పేరు, పరిచయ వీడియో అన్నీ సిద్ధంగా ఉంటాయి, విద్యార్థి ఒక్కడూ ఉండడు. ముందు పదిమందికి తక్కువ ఫీజుతో లైవ్‌లో చెప్పండి. జూమ్ ఉచిత ప్లాన్‌లో మీటింగ్ 40 నిమిషాలకి ఆగిపోతుంది, గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే 60 నిమిషాలు. మొదటి బ్యాచ్‌కి ఇవి చాలు. ఆ పదిమంది ఎక్కడ ఆగి ప్రశ్న వేశారో రాసుకుంటే అదే మీ సిలబస్. చీనీ రైతునే తీసుకోండి. "చీనీ సాగు సంపూర్ణ కోర్సు" అంటే తోట ఉన్నవాడు "నాకు తెలిసిందేగా" అనుకుంటాడు. పూత కోసం నీళ్ళు ఎప్పుడు ఆపాలి, ఎన్నాళ్ళు ఆపాలి, మళ్ళీ ఎలా వదలాలి అని ఒక్క విషయం మీద చెప్తే డబ్బు కడతాడు.

పోటీ పరీక్షల కోర్సయితే తేదీలతో చిక్కు. 2025 మెగా డీఎస్సీకి నోటిఫికేషన్ ఏప్రిల్ 20న వచ్చింది, పరీక్షలు జూన్ 6న మొదలయ్యాయి. నోటిఫికేషన్ చూశాక రికార్డింగ్ మొదలుపెట్టినవాడు ఆ గడువులో సిలబస్ పూర్తి చేయలేడు. పూర్తి చేయకుండా ఫీజు తీసుకుంటే విద్యార్థులు ఊరుకోరు. సిలబస్‌లో ఎప్పుడూ ఉండే భాగాన్ని ముందే తీసిపెట్టుకోండి, మిగతాది లైవ్‌లో చెప్తామని చెప్పి అమ్మండి. సగం తయారైన కోర్సుకి పూర్తి ధర మాత్రం వద్దు.

రికార్డింగ్ గురించి రెండు మాటలు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే మూసేస్తారు. కాబట్టి కెమెరా కంటే కాలర్ మైకు ముఖ్యం. మే నెలలో మన దగ్గర ఫ్యాన్ ఆపి పది నిమిషాలు మాట్లాడటం మామూలు పని కాదు, ఫ్యాన్ వేస్తే మైకులో హోరు. తెల్లవారుజామున ఐదింటికి కూర్చోండి. ఎనిమిది దాటితే "కర్నూలు ఎర్రగడ్డలూ" అని మైకు పెట్టుకుని ఆటో సందులోకి రానే వస్తుంది, మీ త్రికోణమితి పాఠం వెనక అది స్పష్టంగా పడుతుంది. కరెంటు సంగతి కూడా చూసుకోండి. యూపీఎస్ లేని కంప్యూటర్‌లో ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో మామూలు ఎంపీ4 ఫార్మాట్‌లో రికార్డు చేస్తుంటే, మధ్యలో కరెంటు పోతే ఆ ఫైలు మళ్ళీ తెరుచుకోకపోవచ్చు. సెట్టింగ్స్‌లో ఎంకేవీ ఫార్మాట్ పెట్టుకుని, అయిపోయాక ఎంపీ4గా మార్చుకోండి. కరెంటు పోయినా అప్పటిదాకా చెప్పింది దక్కుతుంది.

యాప్ చేసిస్తామని ఫోన్ చేసేవాళ్ళతో నిదానంగా మాట్లాడండి. ప్లే స్టోర్ అకౌంట్ ఎవరి పేరున ఉంటుంది? ఫీజు ఎవరి బ్యాంకు ఖాతాలో పడుతుంది? వచ్చే ఏడాది రెన్యువల్ ఎంత? మానేస్తే విద్యార్థుల వివరాలు, వీడియోలు మన చేతికిస్తారా? ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు రాకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి. యుడెమీ లాంటి, అందరి కోర్సులూ అమ్మే సైట్లో పెడితే ఈ గొడవ ఉండదు గానీ వాటా లెక్క వేరు. మీ కూపన్ లింకుతో కొంటే మీకు 97 శాతం, వాళ్ళ సైట్లో వెతుక్కుని కొంటే 37 శాతం. పైగా వాళ్ళ డిస్కౌంట్ పథకంలో చేరితే మీ ధర తగ్గిపోతుంది.

ఇక డబ్బు. మొదటి పదిమందికి మీ క్యూఆర్ కోడ్ చాలు. కానీ స్క్రీన్‌షాట్ చూసి కోర్సు తెరవకండి, దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లు ఉన్నాయి. బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూడండి. పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్‌లో ఫీజు వసూలు చేసిపెట్టే సేవ, పెట్టుకుంటే వాళ్ళు పాన్, బ్యాంకు వివరాలతో పాటు మీ సైట్లో రీఫండ్ పాలసీ, సంప్రదించాల్సిన చిరునామా ఉన్నాయా అని చూస్తారు. చార్జీ సుమారు 2 శాతం, దాని మీద జీఎస్టీ. మీ అమ్మకాలు ఏడాదికి 20 లక్షలు దాటితే మీరే జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, కోచింగ్ మీద అది 18 శాతం. ఆ 20 లక్షలు లాభం కాదు, మొత్తం వసూలు. దగ్గరికొస్తున్నారనగానే ఆడిటర్ దగ్గరికి వెళ్ళండి. రీఫండ్ గడువు ముగిసేదాకా ఆ ఫీజు ముట్టుకోకండి. నా మటుకు ఇదే అన్నిటికంటే పెద్ద జాగ్రత్త. వచ్చిన డబ్బుతో లైట్లు కొనేసి, వెనక్కి అడిగినవాడి ఫోన్ ఎత్తకపోతే గొడవ అక్కడే మొదలవుతుంది.

ప్రకటనలో ఏం రాస్తున్నారో ఒకటికి రెండుసార్లు చదవండి. కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగం గ్యారంటీ, నూరు శాతం సెలక్షన్ లాంటి మాటలు కుదరవు. సెలక్టయిన విద్యార్థి ఫొటో వేయాలంటే, సెలక్టయ్యాక అతని రాతపూర్వక అనుమతి ఉండాలి. "లైఫ్‌టైమ్ యాక్సెస్" అనడం కూడా మానేయండి. యాప్‌కి ఏటా మీరే అద్దె కడుతున్నప్పుడు జీవితాంతం అని మాటివ్వడం దేనికి? రెండేళ్ళు అని రాయండి, కొనేవాడు కొంటాడు.

వీడియోలు టెలిగ్రామ్‌లోకి పోతాయేమోనని టెన్షన్ పడేవాళ్ళకి ఒకటే మాట: పోతాయి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ పెట్టి అమ్మితే ఆ లింకు దొరికిన ప్రతివాడూ చూస్తాడు. విద్యార్థి ఫోన్ నంబరు తెర మీద కదిలే ఏర్పాటు ఉంటే కొంత తగ్గుతుంది. దొంగిలించలేనిది వారానికోసారి మీరు పెట్టే డౌట్ల క్లాసు, దాన్ని కోర్సులో కలపండి.

అన్నీ అయ్యాక, అమ్మకం తెరవడానికి కొన్ని రోజుల ముందే మీ కోర్సు మీరే కొనండి. మీ ఫోన్లో కాదు, ఇంట్లో ఎవరిదో పాత ఫోన్లో, వైఫై ఆపేసి, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట. డబ్బు కట్టాక వీడియో తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టింది, ఓటీపీ వచ్చిందా, మాట వినపడిందా చూడండి. తర్వాత రీఫండ్ అడగండి. అది ఎన్ని రోజులకి మీ ఖాతాలో పడిందో చూసి, పాలసీలో దానికి రెండు రోజులు కలిపి రాయండి.