పసిపిల్లల డీజే పార్టీ: రెండు గంటలు హుషారుగా గడవాలంటే

అయిదేళ్లలోపు పిల్లల కోసం డీజే పెట్టిస్తుంటే ముందు టైము తేల్చుకోండి. కార్డు మీద 7 గంటలని వేస్తే చుట్టాలు వచ్చేసరికి 8, కేకు కోసేసరికి 9 అవుతుంది. ఆ వేళకి రెండేళ్ల పిల్లకి నిద్రా ఆకలీ ఒకేసారి ముంచుకొస్తాయి. ఇక ఏ పాట వేసినా ఏడుపే. మధ్యాహ్నం నిద్ర లేచి, కాస్త ఏదైనా తిన్నాక, సాయంత్రం 4.30 నుంచి 6.30 దాకా పెట్టుకోండి. పెద్దల డాన్సులూ భోజనాలూ ఆ తర్వాత ఎంతసేపైనా సాగించుకోవచ్చు.

ఆ రెండు గంటల్లో డాన్సు మొత్తం కలిపి 35, 40 నిమిషాలు చాలు. అదీ మూడు విడతలుగా, ఒక్కోటి 12 నిమిషాలు. పాట పూర్తిగా వేయొద్దని డీజేకి ముందే చెప్పండి. రెండు నిమిషాలు కాగానే మార్చాలి, రెండు హుషారు పాటల తర్వాత ఒకటి నెమ్మదిగా ఉండాలి. వరసగా హుషారు పాటలే పడితే పిల్లలు పిచ్చిగా పరిగెత్తడం మొదలెడతారు, దాని వెంటే తలలు గుద్దుకోవడం.

సౌండ్ విషయంలో మాత్రం మొహమాటపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లల చెవులకి 75 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల దాకా ఫరవాలేదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. అంటే 90 దగ్గర వారం మొత్తానికి గంటంబావు, 99 దగ్గర పది నిమిషాల లోపే. ఇక్కడ పెద్దలు గమనించని సంగతి ఒకటుంది. నేల మీద పెట్టిన సౌండ్ బాక్సు మూడేళ్ల పిల్లాడి చెవికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మనకి నడుము దగ్గర మోగేది వాడికి చెవిలోనే మోగుతుంది. బాక్సుల్ని స్టాండ్ల మీదికి ఎక్కించి, పిల్లలు ఆడే చోటికి నాలుగైదు మీటర్ల దూరంలో పెట్టించండి. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసి, మోకాళ్ల మీద కూర్చుని పిల్లల ఎత్తులో కొలవండి. యాప్ లెక్క ఉజ్జాయింపే అయినా 80 దాటకుండా చూసుకోవడానికి సరిపోతుంది. యాప్ లేకపోతే, చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటానికి గొంతు పెంచాల్సి వచ్చిందంటే ఎక్కువైనట్టే. బేస్ బాగా తగ్గించమనండి. గుండెలో దడదడమనే ఆ అదురుకే చంటిపిల్లలు బెదిరిపోతారు. ఏడాదిలోపు బిడ్డని పది నిమిషాలకొకసారి బయటికి తీసుకెళ్లాలి. చెవుల్లో దూది వల్ల పెద్దగా ఉపయోగం లేదు. చెవుల్ని పూర్తిగా కప్పే పిల్లల సైజు ఇయర్ మఫ్స్ అయితే పనిచేస్తాయి.

హాల్లో లైట్లన్నీ ఒక్కసారి ఆర్పేయకండి. అమ్మ కనబడకపోతే సగం మంది అక్కడే ఏడుపందుకుంటారు. మొదటి విడత పూర్తి వెలుతురులో, రెండో విడత సగం ట్యూబులైట్లతో, మూడోదానికి డిస్కో బంతి నెమ్మదిగా తిరుగుతుంటే అందం. టపటపా కొట్టుకునే స్ట్రోబ్ లైటు పూర్తిగా మానేయాలి, ఆ మెరుపులకి కొందరు పిల్లలకి ఫిట్స్ వస్తాయి. లేజర్ కూడా వద్దు. ఆ చుక్క ఎక్కణ్ణుంచి వస్తోందా అని పిల్లలు నేరుగా దానిలోకే చూస్తారు.

ఇక ఆటలు. పసిపిల్లలకి చేతిలో ఏదో ఒకటి ఉంటేనే ఒళ్లు కదులుతుంది. పాత షిఫాన్ చున్నీని 40 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరిస్తే పదిదాకా ముక్కలొస్తాయి. పిల్లకి రెండేసి ఇవ్వండి. అంతకంటే పొడుగుంటే మెడకి చుట్టుకుంటారు. గలగలలకి 250 మిల్లీలీటర్ల నీళ్ల సీసాలో మూడు చెంచాల బియ్యం పోసి, మూత మరల్లో ఫెవిక్విక్ వేసి బిగించి, పైన టేపు చుట్టండి. సీసా నిండా పోస్తే మోగదు. శనగలు, చింతగింజలు వాడొద్దు, మూత ఊడితే అవి నేరుగా ముక్కులోకీ నోట్లోకీ పోతాయి.

రైలాట ఎప్పుడూ బాగా నడుస్తుంది. కాకపోతే ఒకరి చొక్కా ఒకరు పట్టుకుంటే, ఒకరు తూలినప్పుడు అందరూ పడతారు. దానికి బదులు తాడుకి రెండడుగులకొక ముడి వేసి, ముడికొకరు పట్టుకునేలా చూడండి. ఇంజను పెద్దవాళ్లలో ఒకరు కావాలి. ఆట అవగానే తాడు తీసి దాచేయండి.

డబుల్ దుప్పటి అంచుల్ని ఆరుగురు పెద్దలు పట్టుకుని, మధ్యలో నాలుగైదు మెత్తటి బంతులు వేసి పాటకి తగ్గట్టు ఎగరేస్తుంటే, నడక రాని పిల్లలు కూడా కింద కూర్చుని కేరింతలు కొడతారు. మాకు తెలిసిన ఆటల్లో ఏడాది పిల్లల్నీ అయిదేళ్లవాళ్లనీ ఒకేసారి నవ్వించేది ఇదే.

స్టాచ్యూ ఆటలో పాట ఆపేది మూడు సెకన్లకి మించకూడదు. మూడేళ్లలోపు వాళ్లకి కదలకుండా ఆగడం చేతకాదు, ఆగకపోయినా చప్పట్లు కొట్టండి. ‘అవుట్’ అనే మాటే వద్దు. ఒకరు అవుటై ఏడిస్తే చూసి ఇంకో ముగ్గురు అందుకుంటారు. కుర్చీలాటలోనూ కుర్చీలు తీయకుండానే ఆడించొచ్చు.

మామయ్యలూ బాబాయిలూ హుషారులో పిల్లల్ని చేతులు పట్టుకుని గాల్లో గిరగిరా తిప్పుతారు. దయచేసి ఆపండి. ఈ వయసులో ఆ గుంజుడుకి మోచేతి కీలు పక్కకి జారిపోవచ్చు. పిల్ల ఏడ్చి, ఆ చేయి కదపడం మానేస్తే నొక్కడం, లాగడం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఎత్తాలనిపిస్తే చంకల కింద పట్టుకుని ఎత్తండి.

బుడగల మెషిన్ అంటే పిల్లలకి ప్రాణం. కానీ సబ్బునీళ్లు పడ్డ టైల్స్ మీద కాలు నిలవదు. పచ్చిక మీదో, కార్పెట్ మీదో పెట్టి, పది నిమిషాలు వదిలి ఆపేయండి. సాక్సులు విప్పించి ఉత్తకాళ్లతో ఆడించడం మేలు.

ఈవెంట్ వాళ్లు ఇచ్చే ప్యాకేజీలోంచి కొన్ని కొట్టేయించండి. డ్రై ఐస్ పొగతో పాటు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలికంటే బరువు కాబట్టి నేలబారున, పిల్లల ముక్కుల ఎత్తులోనే నిలుస్తుంది. స్నో స్ప్రే డబ్బాల్లో సాధారణంగా మండే వాయువు ఉంటుంది, కొవ్వొత్తి దగ్గర కొడితే మంటే. గ్యాస్ బెలూన్లలో చౌకని హైడ్రోజన్ నింపేవాళ్లున్నారు, హీలియం అని తేలకపోతే ఊదిన బెలూన్లే పైన కట్టండి. పగిలిన రబ్బరు ముక్కలు వెంటనే ఏరడానికి ఒక మనిషిని కేటాయించండి, గొంతుకి అడ్డం పడితే తీయడం చాలా కష్టం. పాప్‌కార్న్, వేరుశనగలు పెద్దల బల్ల మీదే ఉండనివ్వండి. ద్రాక్షపళ్లు నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టండి.

మెరిసే ఉంగరాలు, లైటు హెయిర్‌బ్యాండ్లు రిటర్న్ గిఫ్టుగా ఇచ్చేవాళ్లు వాటిలోని బటన్ బ్యాటరీ గురించి ఆలోచించాలి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగిందన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి అప్పుడే బయల్దేరాలి. స్క్రూతో మూత బిగించిన బొమ్మలైతేనే కొనండి, లేదంటే ఆ చున్నీ ముక్కలూ గలగలలే సంచిలో వేసి ఇవ్వండి.