అద్దె కొట్టుకి పోకముందు బీరువా తీయండి

స్కూల్ గ్రూపులో 'ఎల్లుండి ఫ్యాన్సీ డ్రెస్' అని మెసేజ్ పడగానే టెన్షన్ పడకండి. పాత జరీ చీర, చిరిగిన పంచె, జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు, పెళ్లి పత్రికల మీది బంగారు రంగు అట్టలు, అన్నీ ఒక బకెట్లో వేసి, అందులో ఉన్నదాన్ని బట్టి వేషం తేల్చుకోండి. వేషం ముందు అనుకుని సామాను వెతకబోతేనే డబ్బులు వదులుతాయి.

తక్కువైనవి వీధి టైలర్‌ని అడగండి, కత్తిరింపుల సంచి ఎటూ పారేసేదే, కాకపోతే పండగ ముందు రోజుల్లో పోయి తిట్లు తినొద్దు. లేసు, చమ్కీలు, ఎలాస్టిక్ లాంటివే కొనాలి, నెల్లూరు వాళ్లయితే చిన్నబజారు వైపు ఒక చుట్టు చాలు.

కిరీటం సంగతి చెప్పాలి. ఈ వేషాలు ఎక్కువగా పడే బాలల దినోత్సవం, నవంబరు 14 అంటే మన వైపు ముసురు రోజులు. పోయినేడు రాత్రి పది గంటలకి ఫెవికాల్ పూసి పడుకున్నా, పొద్దున్నకి అట్ట అప్పడంలా మెత్తబడింది, స్కూటర్ మీద పోతుంటే బంగారు కాగితం ఊడి మా వాడి చెవి మీద వేలాడింది. అందుకే ఇప్పుడు గమ్ పైపైకే, అసలు పట్టు దబ్బనంతో వేసే నాలుగు కుట్లదే. తల చుట్టూ దారం పెట్టి కొలిచి, అట్ట రెండు వేళ్లు తక్కువ కోసి వెనక ఎలాస్టిక్ కుట్టండి, జారదు.

ఏ వేషం అని అడిగితే నా ఓటు పొట్టి శ్రీరాములుకే, అల్లూరిలు ప్రతి స్కూల్లో నలుగురుంటారు. ఆయన హరిజనోద్ధరణ గురించి రాసిన అట్టలు తగిలించుకుని, చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు ఎండలో తిరిగినాయన. అంటే కావాల్సింది తెల్ల పంచె, ఒక బిస్కెట్ పెట్టె అట్ట, మార్కర్. అట్టకి పురికొస కట్టొద్దు, మెడ ఒరుసుకుంటుంది, పాత చున్నీ పీలిక మేలు.

పంచె నడుముకి మాత్రం ఎలాస్టిక్ వేసి లాగులా కుట్టేయండి. వేసినాక వాడు బాత్రూమ్‌కి ఎట్ట పోతాడో ఇంట్లోనే ఒకసారి చూసుకోండి, స్టేజీ పక్కన ఊడితే మళ్లీ కట్టాల్సింది టీచరమ్మే.